దొంతాపూర్ అనే ఖాళీ గడి

నిజామాబాద్ చరిత్ర రాసినవాళ్లు కోట గురించి రాశారు, ఇందూరుగా ఉన్ననాడు ఈ ఊరికి రైలు వచ్చిన సంగతి రాశారు, పసుపు మార్కెట్ యార్డు గురించి పేజీలకు పేజీలు రాశారు. నూరుల్లా కళ్లద్దాలు తుడవడం గురించి మాత్రం ఒక్కరూ ఒక్క వాక్యం రాయలేదు. చరిత్రకు జరిగిన ఈ లోటును ఇక్కడ చేతనైనంత పూడ్చక తప్పదు.

ఆ ప్రక్రియ ఇలా ఉంటుంది. ఎదుట నిలబడ్డ మనిషి పేరు కంప్యూటర్లో దొరకనప్పుడు నూరుల్లా వెంటనే నోరు తెరవడు. కుడిచేత్తో కళ్లద్దాలు తీస్తాడు. చొక్కా అంచు పైకి లాగి ఎడమ అద్దాన్ని మూడు తిప్పులు, కుడి అద్దాన్ని మూడు తిప్పులు తుడుస్తాడు. ట్యూబులైటు వైపు ఎత్తి ఒక కన్ను మూసి చూస్తాడు. మళ్లీ పెట్టుకుంటాడు. తెరవైపు ఇప్పుడే చూస్తున్నట్టు ఇంకోసారి చూసి, అప్పుడు "లేదవ్వా" అంటాడు. మగవాళ్లయితే "లేదన్నా". అంతా కలిపి ఇరవై సెకన్లు. ఆ ఇరవై సెకన్లలో ఎదుటి మనిషికి చిన్న ఆశ పుడుతుంది, అద్దాలు మురికిగా ఉండబట్టే తన పేరు కనపడలేదేమోనని. పక్క కౌంటర్లో కూర్చునే ఉమారాణికి అటువంటి భ్రమలేమీ లేవు. ఆయన చేయి అద్దాల మీదికి పోయిందంటే చాలు, "అయిపాయె, ఎనకున్నోళ్లు రాండ్రి" అని కేకేస్తుంది.

ఈ అలవాటు ఎప్పుడు మొదలైందన్న విషయంలో భేదాభిప్రాయాలున్నాయి. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డ ఏడు మొదలైందని ఒక వర్గం. అంతకు చాలా ముందు, నికా అయిన వారానికే, సినిమాకు పోదామా అని తను అడిగితే అద్దాలు తుడిచాడని ఆయన భార్య హుసేన్ బీ వాదన. ఆమె ప్రత్యక్ష సాక్షి కాబట్టి ఆమె మాటకే బలం ఎక్కువ.

నూరుల్లా తండ్రి ఆ ఫ్యాక్టరీలో బాయిలర్ ఫిట్టరు. నూరుల్లా చదువుకున్నాడు కాబట్టి చెరకు విభాగంలో కంప్యూటర్ దగ్గర కూర్చున్నాడు. ఏ రైతు చెరకు ఎప్పుడు నాటాడు, ఏ వారం కోతకు రావాలి, ఎవరికి ముందు కటింగ్ ఆర్డర్ ఇవ్వాలి అన్న జాబితా ఆయన చేతిలో ఉండేది. ఇరవై రెండు సీజన్లలో ఒక్క రైతు పేరు కూడా జారిపోలేదని ఆయన ఇప్పటికీ చెప్పుకుంటాడు. అది నిజమే. అక్కడ రైతు పేరూ, తండ్రి పేరూ, ఊరి పేరూ ఒకే వరుసలో పక్కపక్కన ఉండేవి. పేరు దొరికితే ఊరు దాని పక్కనే దొరికేది. జారిపోవడానికి చోటే లేదు.

తరవాత ఫ్యాక్టరీ మూతపడింది. చెరకు పోయిన పొలాల్లోకి వరి వచ్చింది, సోయా వచ్చింది. నూరుల్లా కుటుంబాన్ని తీసుకుని నిజామాబాద్ వచ్చి ఒక ట్రస్టు నడిపే కంటి ఆసుపత్రిలో చేరాడు. దానికి పెద్ద పేరే ఉంది గానీ జనం కండ్ల దవాఖాన అంటారు. పదేళ్లయినా ఎవరన్నా "ఏడ పని జేస్తరు సాబ్" అని అడిగితే ఆయన నోట ముందు వచ్చేది "ఫ్యాక్టరీల" అనే. తరవాత దిద్దుకుంటాడు.

ఆ ఆసుపత్రి చేసే పని మంచిది. పల్లెల్లో మోతిబిందు, అంటే కంట్లో శుక్లం, వచ్చినవాళ్ల పేర్లు రాసుకుంటుంది. నెలకు కొన్ని మండలాల చొప్పున బస్సు పంపి, పేరు వచ్చినవాళ్లను తెచ్చి, ఉచితంగా ఆపరేషన్ చేసి, నల్లద్దాలు పెట్టి మళ్లీ దింపి వస్తుంది. ఏ నెల ఎవరు ఎక్కాలన్నది కంప్యూటర్ తీసే జాబితా చెబుతుంది. ఆ జాబితా తీసేది నూరుల్లా.

ఇక్కడి కంప్యూటర్ ఫ్యాక్టరీది కాదు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక ఇంజినీరు కట్టిపెట్టి పోయాడు. అందులో రోగుల పట్టిక వేరు, ఊళ్ల పట్టిక వేరు. రోగి పక్కన ఊరి పేరు ఉండదు, ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు పట్టుకుని ఊళ్ల పట్టికలోకి పోతే అక్కడ ఊరి పేరు, దాని మండలం దొరుకుతాయి. ఒకే ఊరి పేరు వెయ్యిసార్లు రాసుకునే అవసరం లేకుండా పెద్దలు కనిపెట్టిన పద్ధతి ఇది. ఇంజినీరు పోయాక వెతికే ఆదేశాలు ఎలా రాయాలో నూరుల్లా తనంతట తను నేర్చుకున్నాడు. యాభై ఏళ్ల వయసులో, రాత్రిళ్లు మేలుకుని కాదు, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని. రెండు పట్టికలను జతచేసి ఆయన ఒక సెర్చ్ రాశాడు. పేరుతో వెతికినా, కార్డు నంబరుతో వెతికినా, మండలంతో వెతికినా ఒకటే సెర్చ్. మనిషి పేరు, పక్కన ఊరు, దాని పక్కన మండలం చక్కగా పడేవి. ఫ్యాక్టరీ రోజులు తిరిగి వచ్చినట్టు ఉండేది. దాన్ని ఆయన ఒక అట్ట మీద రాసి గోడకు అంటించుకున్నాడు కూడా, కొందరు ఖురాన్‌లోని ఆయతుల్ కుర్సీని అంటించుకున్నట్టు.

అన్నీ సక్రమంగా ఉన్నాయి కాబట్టి ఇప్పుడు ఆయన చేసిన ఘనకార్యం దగ్గరికి రావచ్చు.

పోయిన సెప్టెంబర్లో, కొత్త మండలాలు వచ్చాయి కాబట్టి ఊళ్ల పట్టిక సరిచేయమని పైనుంచి చెప్పారు. నూరుల్లా కొత్త జాబితా తెచ్చి పాతదానితో ఒక్కొక్క ఊరే పోల్చాడు. ఆరు పేర్లు పాతదాంట్లో ఉన్నాయి, కొత్తదాంట్లో లేవు. వాకబు చేస్తే తెలిసింది, ఆ ఆరూ ఇక్కడివాళ్లు గంగ అని పిలిచే గోదావరి మీద ప్రాజెక్టు కట్టినప్పుడు నీళ్లలో మునిగిన ఊళ్లని. యాభై ఏళ్లయింది. ఇంజినీరు ఏ పాత పుస్తకంలోంచో ఎత్తుకొచ్చి పెట్టినట్టున్నాడు. లేని ఊరు పట్టికలో ఉండటం నూరుల్లా క్రమశిక్షణకు సరిపడలేదు. ఆరింటినీ కొట్టేశాడు. ఆ సాయంత్రం ఇంటికి పోతూ మనసు తేలికగా ఉందని హుసేన్ బీతో అన్నాడట.

మరుసటి వారం ఉమారాణి అరిచింది. "సార్, దొంతాపూర్ వస్తలేదు."

"నీళ్లల్ల ఉన్న ఊరు కంప్యూటర్ల ఎట్ల వస్తది ఉమా?"

"మరి గా ముసలాయన మాది దొంతాపూర్ అనవట్టె. ఏం రాయాలె?"

"ఇప్పుడు ఏడ ఉంటున్నడో అడుగు."

"అడిగిన. ఉండుడు రెంజల్ల, ఊరు దొంతాపూర్ అంటున్నడు."

నూరుల్లా నవ్వాడు. కౌంటర్ దగ్గరున్నవాళ్లు కూడా నవ్వారు. ఆ ముసలాయన నవ్వలేదు. ఉమారాణికి పనులు ఆగకూడదు కాబట్టి ఊరి గడి ఖాళీగా వదిలి, కింద ఎవరూ చూడని 'ఇతర వివరాలు' అన్నచోట దొంతాపూర్ అని రాసింది. ఆ తరవాత మునిగిన ఊళ్లవాళ్లు ఎవరు వచ్చినా అదే చేసింది. వాళ్లు కూడా విచిత్రమైన జనం. ఊరు మునిగి యాభై ఏళ్లు. కొందరు నందిపేటలో, కొందరు రెంజల్‌లో, కొందరు నిజామాబాద్ శివార్లలో ఇళ్లు కట్టుకుని, పిల్లల పెళ్లిళ్లు చేసి, మనవలను ఎత్తుకున్నారు. ఏ ఊరు అని అడిగితే మాత్రం నీళ్లలోదే చెబుతారు. అబద్ధం చెప్పడం వాళ్ల ఉద్దేశం కాదు. ప్రశ్నను వాళ్లు అలాగే అర్థం చేసుకుంటారు.

హన్మవ్వ వాళ్లలో ఒకతి. డెబ్బై దాటిన మనిషి, నందిపేటలో కూతురి దగ్గర ఉంటుంది. రెండు కళ్లకూ మోతిబిందు. ఆగస్టులోనే, అంటే ఊళ్లు కొట్టేయడానికి ముందే, వచ్చి పేరు రాయించుకుని కార్డు తీసుకుంది. నాలుగైదు నెలల్లో వరుస వస్తుందని ఉమారాణి చెప్పింది. డిసెంబర్లో నందిపేటకు బస్సు వచ్చింది. జాబితా చదివారు. ఆమె పేరు లేదు. మరుసటి వారం ఆర్టీసీ బస్సెక్కి, మనవరాలు హర్షిణి చేయి పట్టుకుని, నూరుల్లా ముందుకొచ్చి కార్డు పెట్టింది.

నూరుల్లా కార్డు నంబరు కొట్టాడు. ఏమీ రాలేదు. పేరు కొట్టాడు. హన్మవ్వలు ముగ్గురు వచ్చారు. ఒకామె బాల్కొండ, ఒకామె ఎడపల్లి, ఒకామె డిచ్‌పల్లి. నూరుల్లా కళ్లద్దాలు తీసి తుడిచాడు.

"లేదవ్వా. ముగ్గురు హన్మవ్వలున్నరు గానీ నువ్వు లేవు."

"గీ కార్డు ఇచ్చింది మీరే కద సాబూ?"

"కార్డు మాదే. రికార్డు లేదు."

"అయితె మల్ల రాయి."

మళ్లీ రాయబోయారు. ఆధార్ నంబరు కొట్టగానే కంప్యూటర్ ఎర్రగా ఒక వాక్యం చూపించింది: ఈ వ్యక్తి పేరు ఇదివరకే నమోదై ఉంది. అంటే ఆ యంత్రం హన్మవ్వను ఒకే పూట రెండుసార్లు తిప్పికొట్టింది. వెతికినప్పుడు లేదని, రాసేటప్పుడు ఉందని. ఈ రెండు మాటలూ ఒకే నోటినుంచి వచ్చినప్పుడు ఏ మనిషికైనా అనుమానం రావాలి. నూరుల్లా మళ్లీ అద్దాలు తుడిచాడు.

"వచ్చే నెల సూద్దాం అవ్వా. సిస్టంల ఏదో ఉన్నది."

ఆమె జనవరిలో వచ్చింది. ఫిబ్రవరిలో వచ్చింది. మార్చిలో వచ్చినప్పుడు మనవరాలి చేయి పట్టుకోవడం కాదు, ఆ పిల్లే ఆమెను భుజాలు పట్టి నడిపించుకొచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఆమె మృగశిర కార్తె పేరెత్తి ఒకటే మాట అడిగేది.

"మిరుగం ఎల్లకముందు అయితదా సాబూ?"

ఒకసారి ఉమారాణి ఊరుకోలేక అడిగింది. "మిరుగం ఎల్లకముందే ఎందుకు అవ్వా? నాట్లు ఏమన్న ఏస్తవా ఏంది?"

"నాట్లేంది బిడ్డా. ఎండకాలం గంగ గుంజుకపోతె మా దొంతాపూర్ బయటవడ్తది. గోడలు లేవు, ఏం లేవు. పొయ్యి రాళ్లుంటయి. మా ఇంటి పొయ్యివి మూడు రాళ్లు. ఏటా పోయి బురద కడిగి, పసుపు వెట్టి, గంత బెల్లమన్నం వండుకొని తిని వస్తం. పోయినేడు సుత పోయిన, మసక మసకగ అవుపడ్డయి. మిరుగం ఎల్లినంక పైకెల్లి నీళ్లిడుస్తరు. మల్ల మునుగుతయి."

"మూడు రాళ్లకేనా?"

"నేను కాపురానికొచ్చిన పొద్దు ముట్టిచ్చిన పొయ్యి అది. మల్ల ఏడాదికి నేనుంటనో ఉండనో. ఒక్కపారి సక్కగ సూస్త అంటున్న, అంతె."

నూరుల్లా వినలేదని కాదు. విన్నాడు. దొంతాపూర్ అన్న మాట కూడా విన్నాడు. ఆ పేరును తన చేత్తో కొట్టేసిన సంగతి ఆయనకు గుర్తు రాలేదు. పట్టికలో అది ఒక వరుస. ఇక్కడ నిలబడ్డది ఒక ముసలావిడ. ఆ రెంటినీ జతచేసే సెర్చ్ ఆయన దగ్గర లేదు.

ఏప్రిల్ చివర్లో మేనేజర్ రాజేందర్ వార్షిక నివేదిక కోసం ఆపరేషన్ కోసం ఎదురుచూసేవాళ్లు మొత్తం ఎందరో అడిగాడు. నూరుల్లా తొందర్లో ఊళ్ల జోలికి పోకుండా రోగుల పట్టిక ఒక్కటే లెక్కపెట్టించాడు. పదమూడు వందల పన్నెండు. తరవాత మండలాల వారీగా వివరం కావాలన్నారు. అన్ని మండలాలవీ తీసి కూడితే పన్నెండు వందల డెబ్బై ఒకటి. మూడుసార్లు కూడాడు. నలభై ఒక్కమంది తేడా.

ఇరవై రెండు సీజన్లు ఒక్క పేరు జారనివ్వని మనిషికి ఆ నలభై ఒకటి గొంతులో ముల్లులా నిలబడింది. రోగుల పట్టికను కాగితం మీదికి తీసి వరుసగా చూసుకుంటూ పోయాడు. మూడో పేజీలో ఒక హన్మవ్వ కనిపించింది. నాలుగో హన్మవ్వ. ఆమె పక్కన ఊరి నంబరు ఉంది. ఆ నంబరు పట్టుకుని ఊళ్ల పట్టికలోకి పోతే అక్కడ ఏమీ లేదు. ఆ వెనక ఒకరి తరవాత ఒకరు, ఊరి గడి ఖాళీగా ఉన్నవాళ్లు. అందరికీ కింద, ఎవరూ చూడని చోట, ఉమారాణి రాసిన ఊళ్ల పేర్లు. అన్నీ నీళ్లలోవే.

చేయి అద్దాల మీదికి పోయింది గానీ తీయలేదు.

"ఉమా, గీళ్లు ఎందుకు వస్తలేరో అర్థమైంది. ఊరు లేనోళ్లను నా సెర్చ్ మనుషుల్లనే లెక్కపెడ్తలేదు."

ఉమారాణి కాగితం తీసుకుని చూసింది. మెల్లగా అంది. "లేని ఊరు సెప్తున్నరని గప్పుడు నవ్వితిమి కద సార్. మీరు సుత పదేండ్లు అయినంక ఫ్యాక్టరీల పని జేస్తున్న అంటరు. మిమ్మల ఏ లిస్టుల కెల్లి కొట్టెయ్యాలె?"

ఆయన కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. తోచిందల్లా సెర్చ్‌ను సరిచేయడం. రెండు పట్టికల్లోనూ జత దొరికినవాళ్లనే తెమ్మని ఉన్న చోట, జత దొరకకపోయినా మనిషిని తెమ్మని ఒక్క మాట మార్చాడు. నందిపేట మండలం అని కొట్టి చూశాడు. హన్మవ్వ రాలేదు. మళ్లీ కొట్టాడు. రాలేదు. సాయంత్రం ఐదున్నర దాకా కొడుతూనే ఉన్నాడు.

ఆ పూట ఇంట్లో రొట్టె ముందు పెట్టుకుని తినకుండా కూర్చుంటే, డిగ్రీ రెండో ఏడు కంప్యూటర్లు చదివే కూతురు మదీహా సంగతి లాగింది. వాళ్లింట్లో మాటలు ఉర్దూలో నడుస్తాయి. తెలుగులోకి తెస్తే ఇలా ఉంటాయి.

"అబ్బాజాన్, మీ సెర్చ్ ఒక షాదీ దావత్ అనుకోండి. ఇంతకాలం మీరు గేటు దగ్గర నిలబడి, జోడీగా వస్తేనే లోపలికి రానిచ్చారు. ఒంటరివాళ్లు బయటే నిలబడ్డారు."

"అది తెలిసింది. ఒంటరివాళ్లను కూడా రానిచ్చాను ఇవాళ. అయినా లేరు."

"రానిచ్చారు. భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టే ముందు మళ్లీ ఏమడిగారు?"

"ఏమడిగాను? నందిపేట మండలమా అని."

"ఎవరిని? ఆమెను కాదు. ఆమె జోడీని. మండలం ఉండేది ఊరి దగ్గర. ఊరే లేని మనిషి పక్కన ఖాళీ కుర్చీ. ఖాళీ కుర్చీని పట్టుకుని నీది నందిపేటా అంటే అది అవుననదు, కాదనదు. మీరు అవునన్నవాళ్లనే కూర్చోబెడుతున్నారు. ఆమెను ఒక తలుపులోంచి పిలిచి ఇంకో తలుపులోంచి పంపేశారు."

హుసేన్ బీ రొట్టె వేడిచేస్తూ అక్కడినుంచే అంది. "ఇంత చదువు చదివి ముసలిదాన్ని దావత్ నుంచి రెండుసార్లు వెళ్లగొట్టాడా మీ నాన్న?"

"రెండుసార్లు కాదు అమ్మీ. నెలకోసారి."

మదీహా తమాషాగానే అంది. తండ్రి ముఖం చూసి, రొట్టె ముక్క తుంచి ఆయన చేతిలో పెట్టింది.

మరుసటి రోజు నూరుల్లా షరతు మార్చాడు. మండలం నందిపేట అయినవాళ్లు, లేదా మండలం గడి ఖాళీగా ఉన్నవాళ్లు. మీట నొక్కగానే నలభై ఒక్కమందీ తెర మీదికి వచ్చి నిలబడ్డారు. చెప్పుకుంటే ఇది విజయమే. ఆయన ఆ జాబితా పట్టుకుని రాజేందర్ గదిలోకి పోయాడు.

రాజేందర్ చెడ్డవాడు కాదు. జాబితా అంతా చదివి, "మండలం కాలం ఖాళీ ఉన్నది" అన్నాడు.

"ఊళ్లు మునిగినయి సార్. అందుకే ఖాళీ."

"సరే, మునిగినయి. బస్సు ఏ మండలానికి పంపాలె?"

"నందిపేట కొందరు, రెంజల్ కొందరు, టౌన్ల కొందరున్నరు."

"ఎవరెవరు ఏడున్నరో రాసి తీసుకరా నూరుల్లా. మండలం లేకుంట లిస్టు పైకి పోదు. పోతె వాపస్ వస్తది. నీకు తెల్వదా?"

నూరుల్లాకు తెలుసు. జీవితమంతా అటువంటి జాబితాలను వాపసు పంపినవాడే. కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేశాడు. కొన్ని నంబర్లు మారిపోయాయి. కొందరి కొడుకులు ఎత్తి, ఇదేదో మోసపు కాల్ అనుకుని తిట్టి పెట్టేశారు. ఆరుగురు ఆగలేక వేరేచోట చేయించుకున్నారు. ఇద్దరికి ఇక అవసరం లేదని ఇంట్లోవాళ్లు చెప్పారు. రెంజల్ ముసలాయన, ఆనాడు కౌంటర్ దగ్గర నవ్వనివాడు, ఆ ఇద్దరిలో ఒకడు. మిగిలినవాళ్ల చిరునామాలు రాసి, మండలాలు నింపి, పైకి పంపి, తిరిగి వచ్చేసరికి మే నెల అయిపోయింది. దొంతాపూర్ వాళ్లు ఆ నెలలోనే గంగ ఒడ్డుకు పోయి వచ్చారు. హన్మవ్వను రమ్మంటే పోలేదు. "పోయి ఏం జేస్త, రాళ్లు తడుముకుంట కూసుంటనా?" అందని హర్షిణి ఫోన్లో చెప్పింది. ఆపరేషన్ అయినంక పోతదట అని కూడా చెప్పింది.

జూన్ రెండున హన్మవ్వ బస్సులో దవాఖానకు వచ్చింది. నూరుల్లా తన పని కాకపోయినా ఫైలు పట్టుకుని ఆమె పక్కన నిలబడ్డాడు. డాక్టర్ చిన్న వయసు ఆవిడ. కుడికంట్లోకి లైటు వేసి చాలాసేపు చూసింది. శుక్లం ముదిరిపోయి, లోపల ఒత్తిడి పెరిగి, నరం దెబ్బతిన్నది. ఆ కన్ను ఇక రాదు. ఎడమదానికి చేయొచ్చు.

"ఇంత ముదిరేదాక ఇంట్లో ఏం చేశారమ్మా? పది నెలల ముందే రావాలి కదా?"

"పది నెలల కిందనే వచ్చిన బిడ్డా" అంది హన్మవ్వ.

ముసలివాళ్లు అలాగే అంటారని డాక్టర్‌కు అనుభవం ఉంది. తలూపి రాసుకుంది. నూరుల్లా ఫైలు కింద పెట్టి కళ్లద్దాలు తీశాడు. ఎడమది మూడు తిప్పులు, కుడిది మూడు తిప్పులు. ఈసారి చెప్పాల్సిన మాట చిన్నదే అయినా ఆ గదిలో చెప్పలేకపోయాడు.

మరుసటి రోజు, ఎడమకంటికి కట్టుతో ఆమె వరండాలో కూర్చుని ఉంటే పక్కన కూర్చుని చెప్పాడు. "అవ్వా, నీ పేరు లేకుంట జేసింది సిస్టం కాదు. నేను. మునిగిన ఊళ్లని లిస్టుల కెల్లి తీసేసిన. ఊరుతోటి నువ్వు సుత పోయినవు. నీ కుడికన్ను..."

హన్మవ్వ కట్టు ఉన్న ముఖం ఇటు తిప్పింది. "అంటే నీళ్లల్ల మునిగిన ఊరును నువ్వు మల్లొకపారి ముంచినవా సాబూ?"

"అవును."

"నువ్వేంది, ప్రాజెక్టు కట్టినోళ్లేంది. పోనీ తియ్యి." అంది. "ఒక గిలాస చాయ్ తాపియ్యి. చక్కెర ఎక్కువెయ్యమను. ఇంతకు గా కన్నుకు నేనేమన్న జెప్పాల్నా ఇంట్ల?"

"నేనే జెప్త."

"వద్దు. మా అల్లుడు కొట్లాటకొస్తడు. దేవుడు తీస్కపోయిండు అంట తియ్యి."

ఆయన చాయ్ తెచ్చాడు. అందులో చక్కెర మూడు చెంచాలు వేయించాడు. క్షమాపణ కింద ఆ దవాఖానలో అంతకు మించి దొరికేది లేదు.

కట్టు విప్పాక నెల రోజులు చుక్కల మందు వేసుకోవాలని, దుమ్ములోకి, నది నీళ్ల దగ్గరికి పోవద్దని చెప్పారు. నూరుల్లా కేలెండర్ మీద గుర్తు పెట్టుకున్నాడు. ఈలోగా ఊళ్ల పట్టికలో ఆరు పేర్లూ తిరిగి రాశాడు. మండలం దగ్గర ఏం రాయాలో రాజేందర్‌ను అడగలేదు. ఎవరు ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారో దానికి వేరే గడి పెట్టించాడు. గోడమీది అట్ట పీకేసి కొత్తది రాశాడు, కానీ అంటించలేదు. ఎన్నడూ వానల ఊసెత్తని మనిషి, ఆ నెల పొడుగునా ఉమారాణిని రోజుకోసారి అడిగేవాడు, వాన పడిందా మీ దిక్కు అని. పడలేదు. జూన్ అంతా ఎండలే కాశాయి. మిరుగం వచ్చిపోయింది, చినుకు లేదు. ఈ కరువు గురించి రైతులందరూ దిగులుపడుతుంటే, వాన లేకపోతే రాళ్లు మునగవని సంతోషపడ్డ మనిషి జిల్లా మొత్తం మీద ఆయనొక్కడే.

నెల నిండిన తరవాత వచ్చిన మొదటి ఆదివారం నూరుల్లా పొద్దున్నే నందిపేట పోయి ఆటో మాట్లాడాడు. హన్మవ్వ నల్లద్దాలు పెట్టుకుని, కొంగులో పసుపు ముడి కట్టుకుని, బెల్లం, బియ్యం, చిన్న గిన్నె సంచిలో పెట్టుకుని సిద్ధంగా ఉంది. హర్షిణి అగ్గిపెట్టె మరవొద్దని రెండుసార్లు చెప్పింది. దారి పొడుగునా ముసలావిడ ఎడమకంటితో బయటికి చూస్తూ కనిపించినవన్నీ చెబుతూనే ఉంది. "గది పసుపు తోట. గది మక్క. గా పిల్లగాని అంగికి గుండీ లేదు సూడు." యాభై ఏళ్ల నాటి తన ఇంటి గురించి కూడా చెప్పింది. వాకిలి తూర్పుకు ఉండేదట. మూడు రాళ్లలో ఒకటి కొంచెం వంకరట. దాని మీద గిన్నె పెడితే ఒక దిక్కుకు ఒరిగేదట. అత్త ఏనాడూ ఆ రాయి మార్చనివ్వలేదట.

"ఒరిగితె ఒరిగె. ఒక్కనాడు సుత ఒలకలె సాబూ" అంది.

మట్టిబాట ఆగిపోయినచోట ఆటో ఆగింది. ముందు హర్షిణి దిగింది. తరవాత హన్మవ్వ దిగి, నల్లద్దాలు తీసి, అరచేయి కంటిమీద అడ్డంపెట్టుకుని నిలబడింది. సంచి మనవరాలి చేతికి ఇచ్చి నాలుగడుగులు ముందుకు వేసింది, ఆగింది. చాలాసేపు అటూ ఇటూ చూసింది.

"నీళ్లు మంచిగ కనవడ్తున్నయి సాబూ" అంది. "ఆవలి ఒడ్డుకు కొంగలు సుత కనవడ్తున్నయి."

నూరుల్లా కళ్లద్దాలు తీసి, తుడిచి, ఎండకు ఎత్తి చూసి పెట్టుకున్నాడు. వాన పడలేదన్నది నిజమే. ఎగువ రాష్ట్రంలోని బాబ్లీ బరాజ్ గేట్లను మాత్రం వానతో సంబంధం లేకుండా ప్రతి ఏడూ జులై ఒకటో తేదీన ఎత్తి నీళ్లు కిందికి వదులుతారు. ఆ ఆదివారం ఐదో తేదీ.